ఆరోగ్యమ్మ మెచ్చే జ్వరాలు

యానాంలో ఎవరికైనా జ్వరం వచ్చిందంటే ఆరోగ్యమ్మ సంతోషిస్తుంది. చాటుగా కాదు, మొహం మీదే. ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే చర్చిలో పూజ ముగించుకుని వస్తూ, దారిలో ఎవరింట్లో ఎవరు మంచం ఎక్కారో కనుక్కుని, నుదుటి మీద చెయ్యి వేసి, "నూట రెండు ఉంటుంది. మంచి జ్వరం" అని మెచ్చుకుని వెళ్తుంది.

ఊళ్ళోనే మెట్టకూరులో ఓ పెళ్ళికొడుక్కి పీటల మీద కూర్చునే వేళకి ఒళ్ళు కాలిపోయింది. ఇంటిల్లిపాదీ తలలు పట్టుకుని కూర్చుంటే, ఆరోగ్యమ్మ వెళ్ళి పిల్లాడి ఒంట్లో కాపలా భేషుగ్గా ఉందని వాళ్ళమ్మని అభినందించింది. ఆ తల్లి ఏడవాలో కోప్పడాలో తెలియక కాఫీ ఇచ్చింది.

ఆరోగ్యమ్మ లెక్క ఒకటే. ఒంట్లోకి క్రిమి చొరబడితే కాపలా కణాలు ఒకదాన్నొకటి కేకేసుకుంటాయి. ఆ కేకల ఫలితమే జ్వరం, వాపు, ఎరుపు. కేకలు వినబడుతున్నాయంటే కాపలా మేలుకునే ఉంది. ఆవిడకి అనుమానమల్లా కేకలు వినబడని ఒళ్ళంటేనే.

అగ్రహారంలో ఆవిడ ఎదురింటి సత్తిబాబుది సరిగ్గా అలాంటి ఒళ్ళు. రొయ్యల చెరువుల రైతు. కిందటేడు కాకినాడలో అరిగిపోయిన కుడి మోకీలు తీయించి లోహపు కీలు వేయించుకున్నాడు. ఊరంతా వచ్చి నడక బాగుందని మెచ్చుకుంది. ఆరోగ్యమ్మ మాత్రం రోజూ వచ్చి జ్వరం ఉందా అని అడిగేది. లేదంటే పెదవి విరిచేది. సత్తిబాబు మొహమాటస్తుడు. ఇంత పెద్దావిడ రోజూ వచ్చి అడుగుతుంటే ఒక్కసారైనా తెచ్చుకోలేకపోతున్నానే అని లోలోపల నొచ్చుకునేవాడు.

ఆపరేషనైన ఎనిమిదో నెలలో మోకాలు సలపడం మొదలైంది. జ్వరం లేదు, వాపు లేదు. సత్తిబాబు మందుల షాపు వీరబాబుని అడిగి యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చుకుని మూడ్రోజులు మింగాడు. తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగాడు. నాలుగు విడతలయ్యాక నడక కుంటి నడకైంది. కాకినాడ డాక్టరు గారు కీలులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు. అందులో ఏ క్రిమీ పెరగలేదు. సత్తిబాబు భార్య నాగలక్ష్మి సంతోషించి పాయసం వండింది.

ఆరోగ్యమ్మ పాయసం ముట్టలేదు. పరీక్షకి ముందు ఏం మింగావని నిలదీసింది. సత్తిబాబు దాచుకోలేదు, పైగా కాస్త గొప్పగానే చెప్పాడు.

"బిళ్ళలేసుకునే వెళ్ళానక్కా. రొయ్యలు కొనేవాళ్ళు శాంపిలుకి వస్తున్నారంటే ముందురోజే చెరువు బాగుచేసుకోమా అండి? డాక్టరు గారు చూసేవేళకి లోపలంతా శుభ్రంగా ఉండాలి కదా."

ఆవిడ అప్పటికప్పుడే అతన్ని ఆటో ఎక్కించి అతని చెరువు దగ్గరికే తీసుకెళ్ళింది. గట్టు మీదికి తీయించిన ఏరియేటరు, అదే నీళ్ళలో గాలి కలిపే యంత్రం, రెక్క మీద గోరుతో గీకింది. జిగట పొర గోటి నిండా వచ్చింది.

"నీళ్ళలో మందు కొడతావు కదా తమ్ముడూ. ఇది పోతుందా?"

"పోదండి. గీకాల్సిందే."

"నీ మోకాలిలో లోహం మీదా ఇదే ఉందని నా అనుమానం. బిళ్ళ నీళ్ళకే అందుతుంది, అందుకే పరీక్షలో ఏమీ దొరకలేదు. పొర కింద దాక్కున్న క్రిములకి అందదు. పైగా వాళ్ళు మహా మాటకారులు. వచ్చిన కాపలా కణాల చేతే, ఇక్కడంతా బాగానే ఉంది నెమ్మదించండి అని మిగతావాటికి కబురు పెట్టిస్తారు. అందుకే నీకు జ్వరం రాదు."

 సత్తిబాబు ఇన్నాళ్ళూ జ్వరం రాలేదని నొచ్చుకున్నాడే గానీ, రానీయకుండా లోపల ఎవరో ఆపుతున్నారని అతనికి తోచలేదు.

బిళ్ళల సంగతి వినగానే డాక్టరు గారు రెండు వారాలు ఒక్క యాంటీబయాటిక్ కూడా మింగకుండా ఉండి, మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు. జ్వరం గానీ వాపు గానీ వస్తే మాత్రం ఆగకుండా వచ్చేయమన్నారు. ఆ పద్నాలుగు రోజులూ ఆరోగ్యమ్మ వాళ్ళ అరుగు మీదే కాపురం పెట్టింది. వీరబాబు షాపుకి వెళ్ళి సత్తిబాబు పేరు చెప్పి ఎవరడిగినా బిళ్ళ ఇవ్వకూడదని మాట తీసుకుంది. పాత బిళ్ళల అట్ట ఒకటి సత్తిబాబు మేత బస్తాలో దాచుకుంటే, రొయ్యలకి ఇదెందుకని అడిగి లాక్కుంది. నొప్పికి డాక్టరు గారు రాసిచ్చిన మాత్ర మాత్రం వేళకి తనే ఇచ్చేది.

పదకొండో రోజున సత్తిబాబు సహనం నశించింది. గట్టు మీద నడవలేని రైతు చెరువులు అమ్ముకోవాల్సిందే. ఆ దిగులు కడుపులో ఉంది.

"నా కాలు పోతే నీకు సంతోషమా అక్కా?" అన్నాడు.

 ఆరోగ్యమ్మ అతని మోకాలి కింద దిండు సరిచేసి మళ్ళీ అరుగు మీద కూర్చుంది. అంత మాట అన్నందుకు సత్తిబాబుకే ఆ పూట అన్నం సహించలేదు.

రెండో పరీక్షలో క్రిమి బయటపడింది. దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా తేలింది. లోహపు కీలు తీసేసి, లోపలంతా గీకి కడిగి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. కొన్ని వారాలకి అంతా శుభ్రమైతే కొత్త కీలు వేస్తామన్నారు. కాలు దక్కాలంటే ఈసారి క్రిమి తిరగబెట్టకూడదు. నాగలక్ష్మి ఏడుస్తూ కూర్చుంటే ఆరోగ్యమ్మే ఆసుపత్రిలో తోడుంది.

ఆపరేషనైన మూడో రోజు మధ్యాహ్నం సత్తిబాబుకి చలి పుట్టింది. ఎట్టకేలకి జ్వరం. ఆరోగ్యమ్మ థర్మామీటరు పెట్టి చూసింది. ఇప్పుడైనా మెచ్చుకుంటుందని అతను ఎదురుచూశాడు. ఆవిడ మాత్రం "మామూలుగానే ఉంది" అని థర్మామీటరు విదిలించేసి, ఇప్పుడే వస్తానని బయటికి నడిచింది. ఆవిడ చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి. అవి చూశాక సత్తిబాబుకి నిజంగా భయమేసింది.

డాక్టరు గారు పరుగున వచ్చారు. కట్టు విప్పి చూస్తే మోకాలు శుభ్రంగానే ఉంది. సెలైన్ ఎక్కించే చేతి నరమే వాచింది. సూది తీసి రెండో చేతికి మార్చారు. మర్నాటికి ఒళ్ళు చల్లబడింది.

"నిన్న మంచి జ్వరం అనలేదేంటక్కా?" అని అడిగాడు సత్తిబాబు.

ఆరోగ్యమ్మ కాసేపు దుప్పటి మడతలు సర్దింది.

"జ్వరం వచ్చిన ప్రతివాడూ ముందు నర్సు మొహం చూస్తాడు తమ్ముడూ. నేను నవ్వితే వాడి భయం సగం పోతుంది. అందుకని నవ్వడం అలవాటు చేసుకున్నాను. నిన్న నీ దగ్గర నవ్వు రాలేదు."

 పదకొండో రోజున తనన్న మాట సత్తిబాబుకి ముల్లులా గుచ్చుకుంది. క్షమించమని అడగడం చేతకాలేదు.

"దాందేముందక్కా. ఇకనుంచి జ్వరం నువ్వు చూడు, నవ్వే పని నేను చూసుకుంటాను," అని ఇంకేదో చెప్పబోయాడు.

ఆరోగ్యమ్మ థర్మామీటరు అతని నోట్లో పెట్టి, మూడు నిమిషాలు మాట్లాడకూడదంది.