మొదటి ముద్దతో

కుప్పంలో బస్సు దిగి హోటల్లో కూర్చున్నాను. వేడి రాగి సంగటి మీద వేసిన నెయ్యి వాసన తగలగానే నా చెయ్యి చొక్కా జేబులోని గుళికల సీసా దగ్గరికి పోయింది. ఈ వాసన వచ్చినప్పుడల్లా సిద్ధప్ప గుర్తొస్తారు.

మదనపల్లె టమాటా మండీలో ఆయన యజమాని, నేను గుమాస్తాను. నా క్లోమగ్రంథి పాడైంది. తిన్నదాన్ని అరిగించే రసాలు అది తయారుచేయలేదు కాబట్టి వాటిని గుళికలుగా తీసుకోవాలి. మొదటి ముద్దతోనే ఒకటి, పెద్ద భోజనమైతే మధ్యలో ఇంకొకటి మింగాలని డాక్టరు చెప్పారు. కానీ నలుగురూ కూర్చున్న చోట విస్తరి ముందు మందు తీస్తే మావాళ్లు అపశకునం అంటారు. అందుకని తినడమయ్యాక, చెయ్యి కడుక్కునే నెపంతో కుళాయి దగ్గర మింగేవాణ్ణి. తిన్నది ఒంటికి పట్టేది కాదు. కడుపునొప్పికి భయపడి ముందు నెయ్యి, తర్వాత పప్పు మానేశాను. వదులైన చొక్కాలను నా భార్య లోపలికి కుట్టించి తెచ్చింది.

ఒకరోజు సిద్ధప్ప కుళాయి దగ్గరికి వచ్చారు.

"చెయ్యి కడిగినాక మింగుతాండావే, డాక్టరు అట్లే చెప్పినాడా?"

"లేదన్నా. మొదటి ముద్దతో మింగమన్నాడు. అందరి ముందర బాగుండదని..."

"లారీ పోయినాక క్రేట్లు మోసుకొచ్చినట్టుండాది నీ యవ్వారం. సరుకు ముందే పాయె గదప్పా!"

మండీలో మధ్యాహ్నం అందరం ఒకచోటే తింటాం, పెద్దాయన సిద్ధప్ప ముద్ద ఎత్తేదాకా ఎవరూ తినరు. మరుసటి రోజు ఆయన ముద్ద చేత పట్టుకుని ఊరికే కూర్చున్నారు.

"ఏందన్నా, తినవా?" అన్నాడు హమాలీ గంగులప్ప.

"ఆయప్ప గుళిక మింగనీ."

"మా ఆకలి సంగతేంది?"

"ఆయప్పనే అడుగు."

అందరూ నావైపు తిరిగారు. సీసా తీసి మింగాను. అప్పట్నుంచి మండీలో అదే పద్ధతయింది. పెళ్లిళ్లలో వడ్డన సాగుతూ ఉంటే, సిద్ధప్ప మధ్యలో మోచేత్తో పొడిచి రెండో గుళిక గుర్తుచేసేవారు. ఒకసారి పక్క విస్తరి ముసలాయన "శుభమా అని ఈ మాత్రలేందప్పా?" అన్నాడు. "నీకు పప్పులోకి నెయ్యి ఎట్లనో, ఆయప్పకి ఇది అట్ల. నువ్వు తిను మామా" అన్నారు సిద్ధప్ప. మెల్లగా నెయ్యి మళ్లీ వేసుకున్నాను. కొన్నాళ్లకు నా భార్య చొక్కాల కుట్లు విప్పించింది.

ఈ వేసవిలో ఆయన గుండె ఆగి పోయారు. పుంగనూరులో వాళ్లింట్లో పెద్దకర్మ భోజనానికి మండీవాళ్లమంతా ఒకే వరుసలో కూర్చున్నాం. ఎదురుగా ఆయన ఫోటో. చావింట్లో సీసా బయటికి తీయడానికి పాత సిగ్గే అడ్డొచ్చింది. కుళాయి ఎక్కడుందోనని చూశాను. వరుసలో ఎవరూ తినడం లేదని అప్పుడు గమనించాను. గంగులప్ప ముద్ద చేత పట్టుకుని నావైపే చూస్తున్నాడు. మిగతావాళ్లూ అంతే.

గుళిక మింగాను. "తినండప్పా" అన్నాను.

ఈ హోటల్లో నాకోసం ఆగేవాళ్లు లేరు. ఎదుటి బల్ల దగ్గరాయన నా సీసా వైపు వింతగా చూస్తున్నాడు. చూడనిచ్చి, మొదటి ముద్దతో మింగాను.