అర్జీలోని మాట ఎవరిది

పొద్దున నిజామాబాద్‌లో రైలెక్కితే బోధన్ చేరేలోపు ఒక చిన్న నిద్ర పట్టేది. జానకంపేట దాటాక రెండు పక్కలా చెరకే. చలికాలంలో పూతకొచ్చిన చెరకు తెల్లగా ఊగుతుంటే, ఆ మంచులో రైలు నేల మీద పోతుందో నీళ్ల మీద పోతుందో తెలిసేది కాదు. చక్కెర ఫ్యాక్టరీ దగ్గరపడిందని మొదట ముక్కుకే తెలిసేది. రసం మరిగే ఆ తియ్యటి, కొంచెం మాడిన వాసన పెట్టెలోకి రాగానే కళ్లు తెరిచి, కొంగు సర్దుకుని, చేతిసంచి వెతుక్కునేదాన్ని. అరవైల్లో కొన్నేళ్లపాటు బోధన్‌లో పి.యు.సి. పిల్లలకు చరిత్ర చెప్పడానికి అట్లా తిరిగాను.

పిల్లలు పాఠం అప్పజెప్పడంలో గట్టివాళ్లు. రాజుల వరస అడిగితే ఊపిరి తీసుకోకుండా చెప్పేవాళ్లు. "నువ్వేమంటావు?" అని అడిగితే మాత్రం బల్లల వైపు చూసేవాళ్లు. పాత కాగితం ఒకటి వాళ్ల ముందు పెట్టి, అది చదివి, దాని గురించి తమదంటూ ఒక వాక్యం రాయించాలని నాకు కోరిక పుట్టింది. ఆ వాక్యాన్ని ప్రతిపాదన అనాలని చెప్పాను. పిల్లలకు ఆ పేరు నోరు తిరగక "ఒక్కమాట" అని పెట్టుకున్నారు. నాకూ అదే అలవాటైంది.

మొదటి రోజు, అలవాటు కోసం, ఆ చెరకుకు నీళ్లిచ్చే కాలువ గురించి రాయమంటే అందరూ "మా ప్రాంతానికి కాలువ వచ్చినది" అని రాశారు.

"దీన్ని కాదనేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అన్నాను.

"ఎవలుంటరు మేడమ్. కాలువ కండ్ల ముంగటనే ఉండె."

"అయితే అది ఒక్కమాట కాదు. ఒకరు కాదనడానికి వీలుండాలి. వాళ్లకు కాగితం చూపించి నువ్వు అవుననిపించాలి."

అర్థమైనట్టు తలలూపారు. మరునాడు "కాలువ చాలా మంచిది" అని రాసుకొచ్చారు.

నా దగ్గరున్న పాత కాగితాలు ఎక్కడో దఫ్తరంలోంచి వచ్చినవి కావు. నిజామాబాద్‌లో మా ఇంటి దగ్గర కిరాణా దుకాణంలో పసుపు పొట్లం కట్టిచ్చిన కాగితం మీద ఉర్దూ రాత చూసి, దుకాణదారుని అడిగి, మిగిలిన కట్ట తెచ్చుకున్నాను. పసుపు మరకలు, బెల్లం చీమలు. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. మా క్లాసు పిల్లల పరిస్థితీ అంతే. వాళ్ల తాతల కాలపు కాగితాలన్నీ వాళ్లకు రాని అక్షరాల్లోనే ఉండేవి.

అందుకని మాస్టర్ సాబ్‌ను బతిమాలాను. ఆయన బోధన్‌లో ఏళ్ల తరబడి ఉర్దూ చెప్పి రిటైరైన పెద్దమనిషి. బళ్లు తెలుగులోకి మారినప్పుడు ఆ వయసులో కూర్చుని తెలుగు వ్యాకరణం నేర్చుకున్నారు. అందుకే ఆయన తెలుగు మా అందరి తెలుగు కంటే గంభీరంగా ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, తెల్ల షేర్వానీ బొత్తాలు మెడదాకా పెట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ వచ్చేవారు. ఉర్దూ వాక్యం లోపల చదువుకుని పైకి తెలుగులో చెప్పేవారు. కిటికీలోంచి ఎండ, బయట చెరకు బండ్ల ఎద్దుల గంటలు, ఆయన గొంతు. పిల్లలు సగం వింటూ సగం తూగుతూ ఉండేవాళ్లు. నేనూ అప్పుడప్పుడు ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని.

ఆ కట్టలో ఒకదానికొకటి జతపడే కాగితాలు రెండు దొరికాయి. ఒకటి కాలువ పక్కనున్న ఏదో ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీ. ఊరి పేరున్న చోట కాగితం చినిగిపోయింది. రెండోది దానికి జవాబు. అర్జీని మాస్టర్ సాబ్ ఇట్లా వినిపించారు: "కాలువ గట్టు నిటారుగా ఉండుటచే స్త్రీలు జలభారముతో ఎక్కుట దుస్తరముగా ఉన్నది. కావున సోపానములు కట్టించగలరు." కింద పేర్లు, వేలిముద్రలు, అన్నీ మగవాళ్లవే. జవాబులో "గ్రామ పెద్దల కోరిక మేరకు మెట్లు కట్టించబడును" అని ఉంది.

దీని మీద ఒక్కమాట రాయమన్నాను. ఎక్కువమంది "గ్రామ పెద్దలు స్త్రీల మేలు కోరిరి" అని రాశారు. ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే కుర్రవాడొకడు, మా క్లాసులో వాదనకు పెట్టింది పేరు, "పెద్దల మాట సర్కారు వినేది" అని రాశాడు. బాగుందన్నాను.

మోస్రా నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఏమీ రాయలేదు. రైతు కుటుంబం పిల్ల. అప్పటిదాకా క్లాసులో ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. దగ్గరికి పోయి ఏమైందని అడిగితే లేచి నిలబడి, నన్ను కాదు, మాస్టర్ సాబ్‌ను చూసింది.

"సాబ్, మీరు సదువుకుంట సదువుకుంట కొన్ని మాటల కాడ ఆగుతున్నరు. ఎందుకు ఆగుతున్నరు?"

మాస్టర్ సాబ్ కళ్లజోడు తీశారు. "అక్కడ భాష బాగ లేదు బేటీ. రాసినాయనకు ఉర్దూ మాట దొరకనట్టుంది. ముతక మాటలు పెట్టిండు. నేను సాఫ్ చేసి చెప్పిన."

"సాఫ్ చెయ్యకుంట సదువుతరా?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు. నా వైపు చూశారు. చదవమన్నట్టు తలూపాను. ఈసారి ఉర్దూను ఉర్దూలాగే చదివారు. మధ్య మధ్య, ఉర్దూ అక్షరాల్లో రాసున్న తెలుగు మాటలు బయటికొచ్చాయి. బిందె. సంక. కుచ్చిళ్లు. నిండు బిందె సంకన పెట్టుకుంటే కాలు పెట్టే చోటు కనబడదని ఉంది. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయని ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు వంగి పైకి ఎక్కలేరని ఉంది.

క్లాసులో తూగుతున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఎవరో పక్కనే నిలబడి మాట్లాడినట్టుంది. ఎంతో కాలం కింద, పేరు కూడా మిగలని ఊరిలో, తడి చీరతో గట్టెక్కుతున్న మనిషి ఊపిరి నాకు వినబడినట్టే అనిపించింది.

అమ్మాయి నోట్సులో రాసుకుని, మెల్లగా చదివింది. "అర్జీ మీద పేర్లు మగవాళ్లవి. అర్జీలో మాట ఆడవాళ్లది."

కుర్రవాడు వెంటనే లేచాడు. "గట్లెట్ల అంటవ్? ఒక్క ఆడామె పేరన్న లేదు. ఇంట్ల ఆడోళ్లు చెప్తుంటే విని మొగోళ్లే రాసుండొచ్చు గద."

"విన్నరు గద. గదే నేనంటున్న."

"మరి నీ ఒక్కమాటల విన్నరని లేదు."

ఆమె ఆలోచించింది. ఆ ఆలోచిస్తున్న ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. కూర్చుని కొట్టేసి, మళ్లీ రాసింది: "అర్జీ మీద పేర్లు మగవాళ్లవే అయినా, అందులోని కష్టం ఆడవాళ్లు చెప్పగా విని రాసినది, జవాబు రాసినవారు మాత్రం దాన్ని పెద్దల కోరికగానే చూశారు."

నేను అన్నాళ్లుగా నల్లబల్ల మీద రాసి రాసి చెప్పలేకపోయింది అదే. కాదనడానికి వీలున్న మాట. కాదన్నవాడి వల్ల ఇంకా గట్టిపడిన మాట.

మాస్టర్ సాబ్‌కు మాత్రం అది నచ్చలేదు. "కాగజ్‌ల లేని మాట మనం అనొద్దు," అని కాగితాలు మడిచి నాకిచ్చి వెళ్లిపోయారు. వారం రోజులు రాలేదు. నేనే వాళ్లింటికి పోయాను. వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించారు.

"అమ్మా, ఆ మాటలు కాగజ్‌ల ఉండె. నేనే తీసేసిన. ముతకయి అనుకున్న," అన్నారు. "మా అమ్మ గూడ బిందె అనే అంటుండె."

ఆ తర్వాతి వారం నుంచి మళ్లీ వచ్చారు. ఏ కాగితమైనా ముందు ఉన్నది ఉన్నట్టు చదివి, తర్వాతే అర్థం చెప్పేవారు. ఆయన గొంతు కాస్త మారింది. తొందర తగ్గింది.

ఆ చలికాలం ముగిసేలోపు పిల్లలూ నేనూ కలిసి కాలువ చూడటానికి పోయాం. మాస్టర్ సాబ్ కూడా వచ్చారు. వర్ని తోవలో బస్సు దిగి గట్టు వెంట నడిచాం. నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఒక చోట రాతి మెట్లు కనిపించాయి. వాటి మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. అమ్మాయి దిగి వాళ్ల దగ్గరికి పోయింది.

"అవ్వా, గీ మెట్లు ఎవలు కట్టిచ్చిండ్రు?"

ముసలామె ఉతుకుతున్న చీర ఆపకుండానే, "ఎవలకు ఎరుక బిడ్డ. నేను కాపురానికొచ్చేసరికే ఉండె," అంది.

మా అర్జీ ఈ ఊరిదేనా, ఈ మెట్లు ఆ మెట్లేనా, మాకు తెలియలేదు. కుర్రవాడు ఆ మాటే అన్నాడు. అమ్మాయి ఒప్పుకుంది. ఆమె రాసిన వాక్యంలో ఈ మెట్ల ప్రస్తావన చేర్చకూడదని ఇద్దరూ తేల్చుకున్నారు. వాళ్లు అట్లా తేల్చుకుంటుంటే నాకు గర్వంగా అనిపించింది. మాస్టర్ సాబ్ చెప్పులు విడిచి, పైజామా కొంచెం పైకి లాక్కుని, పై మెట్టు మీద కూర్చున్నారు. ఎండ పలచగా ఉంది. అవతలి గట్టున చెరకు పొలం పొగలో కలిసిపోయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఉంది.

తర్వాత నాకు నిజామాబాద్‌లోనే ఉద్యోగం దొరికి, బోధన్ రావడం మానేశాను. మాస్టర్ సాబ్ ఔరంగాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారని విన్నాను. కుర్రవాడు వకీలు చదివాడు. అమ్మాయి డిగ్రీ, ఆపై టీచర్ ట్రైనింగ్ చేసి, తన వైపు బడుల్లోనే ఉద్యోగం సంపాదించింది. డెబ్బైల్లో ఒకసారి బోధన్ బస్సులో కలిసింది. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకుంది.

"పోరగాళ్లు ఒక్కమాట రాస్తలేరు మేడమ్," అంది నవ్వుతూ. "ఏమడిగినా, మీరే చెప్పుండ్రి అంటరు."

"నువ్వేం చేస్తున్నావు మరి?"

"ఊకుంటున్న. ఎవలో ఒకలు లేసిందాక సూస్తున్న."