మిర్చి బస్తాల మధ్య మా ఊరి రక్తం

మా ఊరు ప్రత్తిపాడుకి దగ్గర. నేను పనిచేసేది హైదరాబాదులో, వైరస్‌ల మీద పరిశోధన చేసే చోట. వైరస్ ఒంట్లోకి దిగగానే కణాలు ఒకదానికొకటి ఎలా కబురు పంపుకుంటాయో, వేల జన్యువుల్లో ఏది ముందు మేలుకుంటుందో, అన్నిటినీ కలిపి ఒకేసారి చూడటం మా పని. దాన్ని సిస్టమ్స్ బయాలజీ అంటారు. కరోనా వచ్చి వెళ్ళాక మా పెద్దసారు ఒకటే పట్టు పట్టారు. జబ్బు వచ్చాక పరుగెత్తడం కాదు, బాగున్నప్పుడే కొందరి రక్తం తీసి, ఫ్లూ టీకా వేసి, మళ్ళీ తీసి చూసిపెట్టుకోవాలి. రేపు కొత్త వైరస్ వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

"పొలం పనులు చేసేవాళ్ళ రక్తం మన దగ్గర లేదు. మీ ఊళ్ళో అడగకూడదూ?" అన్నారు.

ఆదివారం మా ఊరి చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు నాకు మైకు ఇచ్చారు. ఇష్టమున్నవాళ్ళే రక్తం ఇవ్వొచ్చని, తర్వాత ఫ్లూ టీకా వేసి మళ్ళీ తీస్తామని మొదలుపెట్టి, జన్యువుల గురించి చాలాసేపు చెప్పాను. ముందు వరసలో ఒక ముసలామె, "రోగం లేనోళ్ళ రక్తం నీకెందుకమ్మా?" అంది. మళ్ళీ చెప్పాను. ఈసారి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

అప్పుడు మా పెద్దమ్మ నా చేతిలోంచి మైకు లాక్కుంది. ఆమె రిటైరైన టీచరు. ఆ చర్చిలో సగంమందికి అక్షరాలు దిద్దించింది.

"పోయినేడు ఊళ్ళో దొంగ పడ్డాడు గదా! ముందు కేకేసిందెవరు? కర్ర పట్టుకుని ఉరికిందెవరు? తలుపేసుకుని పడుకుందెవరు? మన ఒంట్లో కూడా అట్టాంటోళ్ళు ఉంటారంట. వైరస్సనే దొంగ పడితే ఎవరేం చేస్తారో ముందే కనిపెడతారంట. అంతే!"

ఎన్నో సభల్లో మాట్లాడాను కానీ ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

ఇంతలో వెనకనుంచి ఒక గొంతు: "తలుపేసుకుందెవరో అందరికీ తెలుసులే!"

ముందు కూర్చున్న ఒకాయన గిర్రున తిరిగాడు. "ఎవర్రా ఆ మాటన్నది?"

"నీ పేరు చెప్పానా బావా?"

"నాకారోజు జ్వరంరా!"

"పాపం, దొంగకి తెలవదు. తెలిస్తే ఇంకో రోజు వచ్చేవాడు."

పాస్టరుగారు గబగబా కీర్తన ఎత్తుకున్నారు. అది ముగియగానే ఆ జ్వరం బావగారు చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందుకొచ్చాడు. "ముందు నాది తియ్యమ్మా. ఎవడి రక్తంలో ఏముందో తేలిపోద్ది!"

ఇది ధైర్యానికి పరీక్ష కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆయన ఇచ్చాక వెక్కిరించినవాడికి ఇవ్వక తప్పలేదు. ఆ తర్వాత వరసంతా కదిలింది.

అందరికీ ఫ్లూ టీకా వేసి, కొన్నాళ్ళకి రెండోసారి రక్తం తీశాం. ఆ రోజే ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఊళ్ళో కరెంటు పోయింది. రక్తం గొట్టాల పెట్టెని హైదరాబాదు తీసుకెళ్ళాల్సిన కారు మా ఊరికి వచ్చే దారిలోనే చెడిపోయింది. పెట్టెలో ఐసు కరిగిపోతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. పెద్దమ్మ మాత్రం ఆటో పిలిచి, పెట్టెతో సహా నన్ను గుంటూరు రోడ్డులో ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళింది.

"ఏంటమ్మా ఇందులో?" అన్నాడు మేనేజరు.

"రక్తమండీ. మా ఊరివాళ్ళది."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమన్నా గొడవలు జరిగాయా?"

"జరిగాయిగానీ, ఈ రక్తం దానిది కాదులేవయ్యా," అంది పెద్దమ్మ.

ఆయన్ని ఒప్పించేసరికి నా గొంతు పోయింది. చివరికి ఎర్రటి మిర్చి బస్తాల మధ్య చల్లగా మా పెట్టెకి చోటు దొరికింది.

మర్నాడు కారు బాగుపడి పెట్టె హైదరాబాదు చేరింది. మూత తీయగానే ఒకమ్మాయి తుమ్మింది. పక్కనున్నతను తుమ్మాడు. ఆ తర్వాత గదంతా తుమ్ములే. ఎవరో కంగారుగా తలుపులు మూసి, ఎవరూ బయటికి రావద్దని అరిచారు. పెద్దసారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఏం వైరస్ తెచ్చావమ్మా?" అన్నారు.

"వైరస్ కాదు సార్, మిర్చి ఘాటు."

రాత్రంతా చల్లగా ఉండటంతో, గొట్టాలకి గట్టి మూతలుండటంతో రక్తం చెడలేదు. కొన్నాళ్ళకి కంప్యూటరు మీద బొమ్మ తయారైంది. వయసులో ఉన్నవాళ్ళ ఒంట్లో జన్యువులు గబుక్కున లేచాయి, పెద్దవాళ్ళ ఒంట్లో కాస్త ఆలస్యంగా. ఉండబట్టలేక పెద్దమ్మకి ఫోను చేసి చెప్పాను.

"అయితే కొత్త జబ్బొస్తే మా ఈడోళ్ళకి ముందు సూది పొడవాలన్నమాట."

"ముందు పొడవాలా, మందు మోతాదు పెంచాలా, అదే చూస్తున్నాం పెద్దమ్మా."

"చూడండి, కాస్త తొందరగా చూడండి. పొయ్యి మీద పప్పు మాడుతోంది, ఉంటా."