ఉప్పు వెయ్యని సాసు

ఆసుపత్రి వంటగదిలో అతన్ని అందరూ చిటికెడు మేస్త్రి అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఏది ఎంత వెయ్యాలని అడిగితే "ఓ చిటికెడు" అనడం అతని అలవాటు. మూడు వందలమందికి సరిపడే గంగాళం ముందు నిలబడి కూడా అదే మాట. ఆ చిటికెడు ఒక్కోసారి గరిటెడు, ఒక్కోసారి దోసెడు. ఎప్పుడెంతో తెలుసుకోవడానికి కొత్తవాళ్ళకు ఆరునెలలు పట్టేది. ఇరవై రెండేళ్ళుగా అతను పొయ్యి దగ్గరే ఉన్నాడు. వార్డులకు వెళ్ళే బండి కదిలే ముందు ప్రతి గిన్నెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకు తాకించి తల ఊపేవాడు. ఆ తల ఊగితేగాని బండి కదిలేది కాదు.

ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అతనికి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు, ఐదు రోజులు పడుకుని లేచాడు. ఆరోరోజు పొద్దున భార్య ఇచ్చిన కాఫీ తాగితే వట్టి వేడినీళ్ళు తాగినట్టుంది. నోరు చెడింది, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. వారం గడిచింది, నెల గడిచింది. ఉల్లిపాయ కోస్తే కళ్ళల్లో నీళ్ళు వచ్చేవిగాని వాసన మాత్రం వచ్చేది కాదు. నిమ్మబద్ద కొరికితే పళ్ళు జివ్వుమనేవి, అంతే.

వింతేమిటంటే అతనికి భయం కలగలేదు. ఇది భయపడవలసిన విషయమేనని తెలుసు. పొయ్యి ముందు నిలబడి, ఇక నా పని అయిపోయినట్టేనా అని తనను తానే అడిగి చూసుకున్నాడు. జవాబు రాలేదు, దుఃఖమూ రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియనట్టు, లోపల ఎక్కడ తడిమినా అలాగే ఉంది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని గట్టిగా అనుకున్నదీ లేదు. నోరు తెరిచి చెప్పడమే బస్తా మోసినంత పనిగా తోచేది.

రెండు నెలలు చేతుల అలవాటు మీద నెట్టుకొచ్చాడు. ఉప్పు గుప్పిట్లో ఎంత బరువుండాలో చేతికి తెలుసు. చుక్క అరచేతిలో వేసుకోవడం, తల ఊపడం మానలేదు. బండ్లు కదిలేవి. ఒకరోజు సూపు అడుగంటింది. అవతల గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని తిరిగి చూశారు. అతను మాత్రం గరిటె తిప్పుతూనే ఉన్నాడు. పైన మూడు వార్డుల్లో రోగులు సూపు తాగకుండా వెనక్కి పంపారు.

వంటగది చూసుకునే సూపర్వైజరమ్మ అతన్ని స్టోరు గదిలోకి పిలిచింది. ఇన్నేళ్ళలో అతన్ని ఒక్క మాట అనని మనిషి. కేకలేయలేదు, ఒంట్లో బాగాలేదా అని మాత్రం అడిగింది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను అన్నాడు. ఆవిడ నమ్మి, మర్నాటినుంచి కూరగాయలు తరిగే బల్ల దగ్గర స్టూలు వేయించింది. అతను కూర్చుని క్యారెట్లు, బీన్సు, క్యాబేజీ తరిగేవాడు. ముక్కలన్నీ అచ్చు పోసినట్టు ఒకేలా వచ్చేవి. పొయ్యి పోయినందుకు బాధపడాలేమో అనుకున్నాడు. బాధ కలగకపోతే మళ్ళీ క్యాబేజీ అందుకున్నాడు.

ఇంట్లోనూ మోకాళ్ళ మాటే చెప్పాడు. భార్య ఇంటి దగ్గరే కర్టెన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. కిటికీ పక్క మిషను, గోడవారగా బట్టల మూటలు, మిగిలిన చోట భోజనాల బల్ల. సెలవురోజుల్లో వంటగది అతనిదే, వేరొకరిని గరిటె ముట్టుకోనిచ్చేవాడు కాదు. జ్వరం తర్వాత మాత్రం అటు తొంగి చూడలేదు. పెట్టింది తిని, మిషను చప్పుడు వింటూ కూర్చునేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళది. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి అతని కుర్చీ చేతి మీద కూర్చుంది. స్నేహితురాలి ఇంట్లో పిజ్జా చేశారట, అట్ట తిన్నట్టే ఉందట, మా నాన్నయితే దీని తాత లాంటిది చేస్తాడని అక్కడే అనేసిందట. మీద బోలెడు కూరగాయలు వేసి ఇవాళ చెయ్యాల్సిందేనని పట్టుబట్టింది. కాదనాలంటే కారణం చెప్పాలి. సరే అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. అందుకని సరే అన్నాడు.

గోరువెచ్చని నీళ్ళలో చక్కెర, ఈస్టు కలిపి పక్కన పెట్టాడు. పది నిమిషాలకు పైన నురగ కట్టింది. ఆ వాసన ఎలా ఉండేదో తలచుకోబోతే గుర్తుకు రాలేదు. మైదాలో పోసి, నూనె చేర్చి పిసకసాగాడు. పిండి మొదట వేళ్ళను పట్టుకుని వదల్లేదు, తర్వాత దారికొచ్చింది. అరచేతి మొదలుతో తోయడం, మడవడం, తిప్పడం, మళ్ళీ తోయడం. చెవితమ్మెలా మెత్తబడిందాకా పిసికి, తడిగుడ్డ కప్పి మిషను పక్కన ఎండపడే చోట పెట్టించాడు. కుడుతూ కుడుతూ భార్య దానికేసి ఒకసారి, అతనికేసి ఒకసారి చూసింది.

పిండి పొంగేలోగా కూరగాయల పని. క్యాప్సికం, ఉల్లిపాయ సన్నని చీలికలు, వంకాయ పలచని చక్రాలు, గుప్పెడు మొక్కజొన్న గింజలు. పుట్టగొడుగుల్ని ముందే పెనం మీద వేసి నీరు ఇంకిపోయేదాకా వేయించాలని, లేకపోతే పిజ్జా కింద చెరువవుతుందని కూతురికి చెప్పాడు. ఆ పిల్ల నవ్వింది. టమాటా సాసు పని తనకిమ్మంది. తొక్క తీయడం, వెల్లుల్లి నలగ్గొట్టడం, చిన్న మంట మీద దగ్గరపడేదాకా ఉడికించడం అతను కూర్చున్నచోటినుంచే చెబుతుంటే చేసింది. తర్వాత గరిటెతో కాస్త తెచ్చి, ఎప్పటిలాగే అతని అరచేతిలో వేసింది.

అతను నాలుకకు తాకించి తల ఊపాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది. ఇంక వెయ్యకు."

కూతురు కదల్లేదు. అరచెయ్యి కేసి, మొహం కేసి మార్చి మార్చి చూసింది.

"నాన్నా, నేనింకా ఉప్పే వెయ్యలేదు."

మిషను ఆగింది. అతను చేతిలో మిగిలిన ఎర్రటి మరకను గుడ్డకు తుడుచుకున్నాడు. పట్టుబడ్డవాడికి ఉండాల్సిన సిగ్గు కోసం ఎదురుచూశాడు. అదీ రాలేదు. చెప్పడమొక్కటే మిగిలింది కాబట్టి చెప్పాడు. జ్వరం నాటినుంచి వాసన లేదు, రుచి లేదు, మోకాళ్ళకేమీ కాలేదు. నాలుగు మాటల్లో అయిపోయింది. నాలుగు నెలలు మోసిన బరువు ఇంత చిన్నదా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. "విరిగిపోయిన పాలు పారబోద్దామని పక్కన పెడితే గ్లాసుడూ తాగేశారు చూడండి, ఆవేళే నాకు అనుమానం వచ్చింది" అంది నెమ్మదిగా. "మీరే చెప్తారని చూస్తున్నాను."

"నువ్వైనా అడగాల్సింది."

"అడిగితే మోకాళ్ళంటారు."

కూతురికి నవ్వొచ్చింది, అంతలోనే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. మోచేత్తో తుడుచుకుని, ఇప్పుడు ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పమంది. ఓ చిటికెడు అన్నాడు. ఎవరి చిటికెడు అంది. చెంచాలో సగం అన్నాడు. ఇరవై రెండేళ్ళలో అతని నోట కొలత వినబడడం అదే మొదలు. ఆమె రుచి చూసి పులుపెక్కువైందంటే కాస్త చక్కెర వేయించాడు. మళ్ళీ చూసి, కుదిరిందంది.

పొంగిన పిండిని గుద్ది, గుండ్రంగా వత్తి, సాసు రాసి, తురిమిన చీజు సగం పరిచి, దానిమీద కూరగాయలు సర్ది మిగతా చీజు చల్లాడు. ఒవెన్‌లో పెట్టాక గాజుతలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వాసన చెప్పదు కనుక కళ్ళు తిప్పడానికి లేదు. అంచులు లేచాయి, చీజు బుడగలెత్తింది, ఉల్లిపాయ కొసలు నల్లబడబోతున్నాయి. తీసి, చాకు వెనకతో అడుగును తట్టి చూస్తే డబడబమంది. కాలింది.

ముగ్గురూ తిన్నారు. అతనికి తెలిసింది వేడి, అంచు కరకర, వంకాయ మెత్తదనం, ఒక్కో మొక్కజొన్న గింజ పంటి కింద చిట్లడం. అవన్నీ ఉన్నాయి, అసలుది లేదు. పక్కన కూతురు, ఉల్లిపాయ తియ్యగా ఉందనీ, వెల్లుల్లి ఒకచోట మాడి చేదు తగిలిందనీ ముక్క ముక్కకూ చెబుతూ పోయింది. అతను వింటూ తిన్నాడు. సంతోషమని చెప్పలేం. కానీ జ్వరం తర్వాత మొదటిసారి, ఇంకో ముక్క కావాలని తనంతట తాను చెయ్యి చాచాడు.

సోమవారం సూపర్వైజరమ్మకు ఉన్నమాట చెప్పాడు. ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసుకుని, మూడంతస్తులు ఎక్కితే ముక్కు డాక్టరున్న చోట పనిచేస్తూ నాలుగు నెలలు ఏం చేశారని అడిగింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్ళింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ కొన్ని వాసనలు చూస్తూ ఉండండి అన్నాడు డాక్టరు. అతను రోజూ చూశాడు. ఏడాది దాటాక మాడు వాసన ఒకటి లీలగా తెలిసింది. మిగతావి రాలేదు.

పొయ్యి దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళాడు. గిన్నెలు తోమే ఇద్దరిలో పెద్దామెకు నాలుక మంచిదని తేలింది. అతను వండేవాడు, ఆమె చుక్క చూసి ఎక్కువో తక్కువో చెప్పేది. ఇంట్లో ఆదివారం పిజ్జాలు మూడు నెలలు నడిచాయి. తర్వాత కూతురికి మొహం మొత్తింది. వార్డుల్లో తిరిగే నర్సులు కిందికొచ్చి, మేస్త్రిగారూ ఇవాళ సూపెలా ఉంది అని అడిగితే, అతను పెద్దామె వైపు చూసి "బాగుందంటున్నారు" అనేవాడు.