ఉయ్యాలలో అమ్మ

ఖమ్మంలో కోచింగ్ కాలేజీ ఉద్యోగం వదిలి, చర్ల దగ్గరి బాలికల హాస్టల్ బడికి ఇంగ్లీష్ టీచరుగా వచ్చిన మొదటి ఏడాది నాకు కాస్త పొగరుండేది. మెటఫర్ అంటే ఏమిటో ఈ అడవి పిల్లలకు నేనే నేర్పాలనుకునేదాన్ని. ఒక వారం తొమ్మిదో తరగతికి హోంవర్కు ఇచ్చాను. ఇంగ్లీషులో ఏది రాసినా, ఆఖరికి లీవ్ లెటర్ రాసినా, అందులో ఒక అలంకారం ఉండి తీరాలని.

గురువారం పొద్దున ఒక కోయ పిల్ల లీవ్ లెటర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. మా అమ్మ ఉయ్యాలలో వస్తోంది. నేను తనతో భద్రాచలం వెళ్లాలి.

నా సంబరం చెప్పలేను. వెంటనే క్లాసులో చదివి వినిపించాను.

"చూడుండ్రి, కన్నతల్లినే పసిపాపను చేసింది. మెటఫర్ అంటే గిట్లుండాలె."

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. "పొగిడింది చాలదా, కూసో" అని ఆటపట్టించి, కాగితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చాను. సంతకం పెట్టాలన్న ధ్యాసే లేదు.

మధ్యాహ్నం ఆ పిల్ల గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉంది. సంతకం లేదని వాచ్‌మన్ ఆపేశాడు. ఏమైందని అడిగాను.

"అమ్మకు జ్వరమొచ్చి తెలివి లేదంట మేడం. మా ఊరికి తొవ్వ లేదు. బొంగుకు చీర కట్టి, అండ్ల పండవెట్టి రోడ్డు దాక మోసుకొస్తున్నమని మామ ఫోన్ చేసిండు. డోలీని ఇంగ్లీషుల ఏమంటరో నాకు తెల్వదు. అందుకే క్రేడిల్, ఉయ్యాల అని రాసిన."

స్కూటీ మీద ఎక్కించుకుని రోడ్డుకు చేరేసరికి అంబులెన్స్ వెళ్లిపోయింది. మోసుకొచ్చిన వాళ్లు చెట్టు కింద కూర్చుని భుజాలు రుద్దుకుంటున్నారు. చీర ఇంకా బొంగుకే ఉంది. దారి నడుమ ఒకసారి తల్లికి తెలివొచ్చి, బిడ్డ ఏదని అడిగిందని ఆ పిల్ల మామ చెప్పాడు. ఆ పిల్లను మళ్లీ ఎక్కించుకుని స్కూటీని భద్రాచలం వైపు తిప్పాను.

ఆ తల్లి బతికింది. నెల తర్వాత ఆ పిల్ల మళ్లీ లెటర్ తెచ్చింది. అమ్మను దవాఖానాలో చూపించాలి, మూడు రోజులు లీవ్ కావాలి. కింద విడిగా ఇంకో వాక్యం రాసింది.

ఇది మెటఫర్ కాదు మేడం.

సంతకం పెట్టి ఇచ్చాను. తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.