సైరనమ్మ మౌనవ్రతం

మన ఆలంకారికులు నవ్వును ఆరు తెగలుగా విభజించి, పెదవి విచ్చీ విచ్చని చిరునవ్వును ఉత్తములకూ, డొక్కలు పట్టుకుని కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వే అతిహసితాన్ని అధములకూ కేటాయించారు. సైరనమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆ శాస్త్రకారుల మీదా ఒక నవ్వు నవ్వి ఉండేది.

ఆమె పానీయాలు సీసాలకు నింపే కర్మాగారంలో మూతలు బిగించే యంత్రం దగ్గర పనిచేస్తుంది. ఆ రొదలో మాట వినబడాలంటే అరవాలి. నవ్వు వినబడాలంటే అరుపును మించాలి. యంత్రం అక్కడే ఉండిపోయినా, నవ్వు మాత్రం రోజూ ఆమె వెంట ఇంటికి వచ్చేది. సైరన్ మోతలాంటి ఆ నవ్వు విని ఆమెకు ఆ పేరు పెట్టింది వీధివాళ్ళు.

ఆమె భర్త ఒక గిడ్డంగిలో గుమాస్తా. తాను గొప్ప హాస్యప్రియుడనని ఆయన గాఢవిశ్వాసం. భగవంతుడు ఆయనకు ఓపికను దండిగా ఇచ్చాడు గాని, జోకులను గుప్పెడే ప్రసాదించాడు. భోజనాల దగ్గర వాటినే జపమాల పూసల్లా తిప్పేవాడు. పిల్లలిద్దరూ వినడం ఎన్నడో మానేశారు. తల్లి నవ్వు మోగగానే జోకు ముగిసిందని గ్రహించి, తామూ ఒక నవ్వు నవ్వేసి, మళ్ళీ పళ్ళెంలో తల దూర్చేవారు. నిజానికి ఆమె నవ్వేదీ జోకుకు కాదు. చెప్పబోయే మాటకు ముందుగా తానే మురిసిపోతూ, ముద్దను గాలిలో మరచిపోయే ఆ మనిషిని చూస్తే ఆమెకు ఆగేది కాదు. ఆయన మాత్రం అది తన వాక్చాతుర్యానికి నిత్యం జరిగే పట్టాభిషేకమని భావించేవాడు.

ఇంతలో గిడ్డంగి మేనేజరు పదవి ఖాళీ అయింది. అది ఎవరికివ్వాలో తేల్చేవాడు డైరెక్టరు. గుమాస్తా ఆయనను భోజనానికి పిలిచి, ఆయన వచ్చేలోగా భార్యను వంటింట్లోకి తీసుకువెళ్ళాడు.

"ఏమేవ్, ఆయన చాలా పెద్దమనిషి. నువ్వలా ఇల్లెగిరిపోయేలా నవ్వావనుకో, నా పదవి గోవిందా! ఈ ఒక్కపూట నోరు కట్టేసుకో."

"అయితే మీరు జోకులు చెప్పకండి."

"చెప్పకపోతే ఆయన్ని ఆకట్టుకునేదెలాగే?"

ఆమెకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ ఆయన జోకులను భుజాన మోసిన నవ్వు ఇవాళ పరువు తక్కువదైపోయింది!

"సరే, నవ్వితే ఒట్టు," అంది.

డైరెక్టరు వచ్చాడు. శిలాశాసనానికి కోటు తొడిగినట్టున్నాడు. గుమాస్తా గొంతు సవరించుకుని మొదటి జోకు చెప్పాడు, ముగించాడు, చిరునవ్వుతో కూర్చున్నాడు. పిల్లలు తల్లి వైపు చూశారు. అక్కడ ఏ సూచనా లేదు. కనుక కథ ఇంకా ఉందనుకుని ముద్దలు ఆపి వేచి ఉన్నారు. వాళ్ళను చూసి డైరెక్టరూ వేచి ఉన్నాడు.

"తర్వాత?" అన్నాడు చివరికి.

"తర్వాతేం లేదండీ. అంతేనండీ."

రెండో జోకు మొదటిదాని గతే పట్టింది. మూడోదాని మధ్యలో చిన్నవాడు ఆవులించి, "అయిపోయిందా నాన్నా?" అన్నాడు.

గుమాస్తా నుదుట చెమట పోసింది. బల్ల కింద భార్య కాలు తొక్కాడు. ఆమె అమాయకంగా, "కూర కావాలాండీ?" అంది.

ఆయన నిగ్రహం తెగిపోయింది. ఎంగిలి చెయ్యని కూడా చూడకుండా రెండు చేతులూ జోడించాడు.

"నవ్వవే తల్లీ! నీకు దండం పెడతాను, కాస్త నవ్వు!"

"ఒట్టు పెట్టించింది మీరే కదండీ!" అంటూనే సైరనమ్మ విరగబడి నవ్వింది. గ్లాసులు గణగణలాడాయి. పిల్లలు హమ్మయ్య అనుకుని అందుకున్నారు.

డైరెక్టరు ఆమెను తూకం వేసినట్టు చూశాడు.

"వచ్చేవారం కంపెనీ సభలో నేను మాట్లాడాలమ్మా. మధ్యమధ్య నాలుగు చమత్కారాలు వేస్తాను. మావాళ్ళకి చప్పట్లు వచ్చుగాని నవ్వడం రాదు. మీరు ముందు వరుసలో కూర్చుని నవ్వాలి. ఎలాగూ కొత్త మేనేజరుగారి భార్యకి అక్కడ కుర్చీ ఉంటుంది."

గుమాస్తా ముఖం సహస్రదళ పద్మమైంది. "నవ్వుతుందండీ! ఎంతసేపు కావాలంటే అంతసేపు నవ్వుతుందండీ!"

సైరనమ్మ గరిటె దించింది.

"వస్తే నవ్వుతానండీ. రాకపోతే ఏం చెయ్యను? తాళి కట్టిన మనిషి జోకులకే ఇంతసేపూ నవ్వు రాలేదు. మీకు అద్దెకెలా ఇవ్వను?"

డైరెక్టరు చేయి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. కారెక్కాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా గుమాస్తా గుమ్మంలోనే నిలబడ్డాడు. "పోయింది. నా పదవి చేతిదాకా వచ్చి పోయింది!"

"పోతే పోయిందిలెండి. 'అద్దె' అనగానే ఆయన మొహం చూశారా? చలవ చేసిన చొక్కా మీద చారు ఒలికినట్టు!"

ఆయన కోపం తెచ్చుకోబోయాడు. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు మాత్రం మాట వినలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇతరుల చమత్కారానికి నవ్వి ఎరుగని ఆ మహానుభావుడి కంఠం నుండి, తుప్పు పట్టిన గడియ తీసినట్టు కీచుమంటూ ఒక ధ్వని వెలువడింది. అది ఆగలేదు, హెచ్చింది.

సైరనమ్మ కంగారుగా ఆయన భుజం తట్టింది.

"ఏవండీ, కాస్త మెల్లగా! పిల్లలు జడుసుకుంటారు."