సామాన్ల కాడ ఎవరుంటరు?

2025 మే నెల. సూర్యాపేట కొత్త బస్టాండుకు ఎదురుగా ఒక మొదటి అంతస్తు గదిలో మా ట్రావెల్స్ ఆఫీసు. ఒక టేబులు, కంప్యూటరు, తలుపు పక్కన కస్టమర్లు కూర్చునే బెంచీ, గోడల నిండా సముద్రం పోస్టర్లు. మా సారుది కోదాడ. ఆయన అక్కడి ఆఫీసులోనే ఉంటారు. ఇక్కడ నేనొక్కదాన్నే. పొద్దున పెన్‌పహాడ్ నుంచి బస్సులో వచ్చి తాళం తీస్తాను, సాయంత్రం తాళం వేసి అదే బస్సులో వెళ్ళిపోతాను. మధ్యలో ఎవరూ రాని గంటలు చాలా ఉంటాయి. టేబులు సొరుగులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది.

నా పని ఐటినరరీ రాయడం. ఒక కుటుంబం ఊరు కదిలిన దగ్గర్నుంచి తిరిగి ఇంటికి చేరేదాకా ఏ పూట ఎక్కడుండాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్నది ముందే కాగితం మీద పెట్టడం. ఇవన్నీ నువ్వు చూసొచ్చావా అని చాలామంది అడుగుతారు. లేదు. డ్రైవర్లు చెప్పింది వింటాను, వెళ్ళొచ్చినవాళ్ళు నెట్‌లో రాసింది చదువుతాను, మ్యాపు ముందేసుకుని కూర్చుంటాను. ఏ బీచ్‌లో బండి ఎక్కడ ఆపాలో, మంచినీళ్ళ స్నానం ఎక్కడ దొరుకుతుందో, ఏ వేళకు ఇసుక కాలుతుందో నాకు తెలుసు. సముద్రాన్ని మాత్రం చూడలేదు.

వేసవిలో మా వైపు కుటుంబాలు ఎక్కువగా అడిగేది చెన్నై. అక్కడ సముద్రం పక్క రోడ్డు వెంట పిల్లల ఆటల పార్కులున్నాయి. థీమ్ పార్కు అంటారు. పొద్దున లోపలికి వెళితే సాయంత్రం దాకా రైడ్లు, నీళ్ళ ఆటలు. అంత దూరం వెళ్ళాక సముద్రం కూడా చూద్దామంటారు. అందరూ అనుకునేది ఒకటే, పార్కు అయిపోయాక సాయంత్రం అటు పోదామని. అది కుదరదు. పార్కు నుంచి బయటికొచ్చేసరికి పిల్లలు బండిలోనే నిద్రపోతారు, పెద్దవాళ్ళకు కాళ్ళు లాగుతుంటాయి. చీకటి పడితే కాపలావాళ్ళు నీళ్ళలో దిగనివ్వరు. అందుకే బీచ్‌కు వేరే రోజు, పొద్దుటి పూట ఇవ్వాలి. ఆ పద్ధతి మా సారు నాకు మొదటి వారంలోనే నేర్పారు.

ఆ మేలో వచ్చింది మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉన్న ఒక కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు కలిసి ఒకే ఇంట్లో ఉంటారు. బండి మాట్లాడడానికి పెద్దన్న వచ్చారు. అందరూ ఆయన్ని సేటు అంటారు. వెంట ఆయన చెల్లెలు అనసూయమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. సూర్యాపేటలో ఆమెకు కళ్ళద్దాలు చేయించాలట. అన్నల దగ్గరే ఉంటుందని ఆయన మాటల్లో తెలిసింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె బెంచీ మీద ఒక చివర కూర్చుంది. ఒళ్ళో సేటు సంచి, గొడుగు, నీళ్ళ సీసా. కళ్ళు మాత్రం పోస్టరు మీద.

పార్కులకు టికెట్లు దొరికిన రోజులను బట్టి నేను ఐటినరరీ వేసి చూపించాను. సేటు తిరుగు ప్రయాణం రాసిన చివరి వరుస దగ్గర వేలు పెట్టారు.

"ఏందమ్మా గిది? అమాస నాడు బండెక్కుమంటవా?"

"టికెట్లు గా రోజులకే దొరికినయి సేటు."

"టికెట్లు దొరికితె? అమాసకు పయనం గట్టిన్నంటె మా అమ్మ పైనుంచి దిగొచ్చి తంతది. గా రోజు గాడనే ఉంటం. ఇంకో పార్కు పెట్టు, పోరగాండ్లు ఆడుకుంటరు."

రోజు పెరిగితే హోటలూ పెరుగుతుంది, బండి పర్మిట్టూ మారుతుంది. మా బండి మూడు రాష్ట్రాలలో తిరగాలి కాబట్టి ఎన్ని రోజులో ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. అన్నీ రాసుకున్నాను. వెళ్ళేటప్పుడు సేటు వెనక్కి చూడకుండానే, "చెల్లే, సంచి తెచ్చినవా?" అన్నారు. ఆమె సంచి పైకెత్తి చూపించింది. ఆయన చూడలేదు, నేను చూశాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాకు ఫోన్లో మాట్లాడడం ఇష్టముండదు. ఎవరైనా మెసేజ్ పెడితే ప్రాణం హాయిగా ఉంటుంది. కాసేపు మోగనిచ్చి తీశాను.

"నేనమ్మా. నిన్న బెంచీ మీద కూసున్నదాన్ని."

"చెప్పండి మేడం."

"మేడం ఏంది బిడ్డా, పెద్దమ్మ అను. మెల్లగ మాట్లాడుతున్న, ఇనబడ్తుందా? గా ఖాళీ రోజున్నది గదా, పార్కొద్దు. సముద్రం పెట్టు."

"సేటు పార్కు పెట్టుమన్నడు గద పెద్దమ్మా."

"మా ఇంట్ల ఉత్త రోజుల్ల సముద్రాన్ని ముట్టరు. పున్నానికో అమాసకో ముట్టాలంటరు. ఇంతకుముందు గా దిక్కు పోయినప్పుడు గూడ అన్న కార్లకెల్లి దిగనియ్యలే. అద్దంల నుంచే దండం పెట్టిచ్చిండు."

"మరి గది అమాసనే గద," అన్నాను.

"గదే నేను జెప్పేది!" అవతల నవ్వును ఆపుకుంటున్న చప్పుడు. "అమాసకు బండెక్కొద్దు. అమాసకు సముద్రం ముట్టొచ్చు. రెండు ఆయన మాటలే. నువ్వే జెప్పు బిడ్డా. నా పేరు తియ్యకు. నేనడిగిన్నంటె, దీనికెందుకొచ్చిందే గీ సోకు అంటరు. ఒక్కసారి ముట్టాలని ఉన్నది, గంతే."

చెప్పవలసిన మాటలు ఒక కాగితం మీద రాసుకుని, రెండుసార్లు చదువుకుని, సేటుకు ఫోన్ చేశాను. ఆయన విని పెద్దగా నవ్వారు.

"నీకెవలు జెప్పిండ్రమ్మా గీ ముచ్చట?"

"పెద్దలు అంటుంటరు గద సేటు."

"గడుసుదానివే. సరే, పెట్టు. గుర్రాలుంటయా గాడ, పోరగాండ్లకు?"

బీచ్ ఏది అన్నది తేల్చడానికి నాకు ఒక పూట పట్టింది. పేరున్న పెద్ద బీచ్‌లో స్నానానికి దిగనివ్వరు. పార్కుల రోడ్డులోనే ఒక చిన్న బీచ్ ఉంది. బండి దగ్గరిదాకా పోతుంది. కాపలావాళ్ళుంటారు, బట్టలు మార్చుకునే గదులున్నాయి. మా డ్రైవర్ సైదులన్నను అడిగాను. ఆయనది చివ్వెంల. ఏళ్ళ తరబడి ఆ దారిన బండి తోలుతున్నాడు. "అమాసకు అలలు మీదికొస్తయమ్మా. పొద్దుగాల్నే తీస్కపోత. నడుము లోతుకు పోవద్దని నువ్వే రాయి," అన్నాడు. రాశాను.

బండి మిర్యాలగూడలో అందరినీ ఎక్కించుకుని, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వెళ్ళిపోయింది. ప్రతి మజిలీలోనూ సైదులన్న ఒక మెసేజ్ పెడతాడు. హోటల్ చేరినం. పార్కు అయింది. అమావాస్య పొద్దున, బీచ్ కాడున్నం అని వచ్చింది. నాకు సంతోషమేసింది. ఎవరికైనా చెబుదామనుకుని గది చుట్టూ చూశాను. ఆ పోస్టర్లే ఉన్నాయి.

కాసేపటికి అనసూయమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, వచ్చినం."

"ఎట్లుంది పెద్దమ్మా సముద్రం?"

"కనబడుతుంది."

ఆ మాటలో ఏదో తేడా ఉంది. "ముట్టలేదా?" అని అడిగాను.

"అందరు దిగిండ్రు. నేను సామాన్ల కాడున్న."

"సైదులన్నను కూసోబెట్టి మీరు పోండ్రి."

"ఫోన్లు, చెప్పులైతె ఇద్దును. బంగారమున్నది గదా. వదినెలు, కోడండ్లు గొలుసులు, గాజులు అన్ని తీసి నా ఒళ్ళెనే పెట్టిపోయిండ్రు. మా ఇంట్ల బంగారం పరాయి చేతికియ్యరు. నాకైతేనే ఇస్తరు." ఆ చివరి మాట ఆమె కొంచెం గర్వంగానే అంది.

"ఎవలన్న ఒకలొచ్చి కూసుంటె మీరు పోవచ్చు గద?"

"ఇగ వస్తరు, అగ వస్తరు అని సూస్తున్న. అలలు పెద్దగైతున్నయి. కాపలాయన ఈల ఊదుతుండు. ఇంకింతసేపైతె అందర్ని బయటికి రమ్మంటడట."

అప్పుడు నేను ఎన్నడూ చేయని పని చేశాను. ఆమె ఫోన్ పెట్టేసి, ఏమీ రాసుకోకుండా సేటు నంబరుకు ఫోన్ కొట్టాను. చాలాసేపు మోగి, ఎత్తారు.

"ఆఁ, బిడ్డా." అనసూయమ్మ గొంతే. "అన్న ఫోను గూడ నా ఒళ్ళెనే ఉన్నది."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగిపోయాక అలల చప్పుడు వినిపించింది. అంతమంది ఫోన్లు, అంతమంది బంగారం ఒళ్ళో పెట్టుకుని, పిలిస్తే పలికేవాళ్ళెవరూ లేకుండా ఆమె ఆ ఇసుకలో కూర్చుని ఉంది. ఇక్కడ నేను పోస్టర్ల మధ్య కూర్చుని ఉన్నాను.

"పెద్దమ్మా, బంగారం మూట గట్టి రొండ్ల దోపుకోండ్రి," అన్నాను.

"ఆఁ?"

"తువ్వాలల మూట గట్టి, నడుముకాడ దోపి, మీదికెల్లి కొంగు బిగ్గ గట్టుండ్రి. బంగారం మీ తాననే ఉంటది. పరాయి చేతికిచ్చినట్టు గాదు. ఫోన్లు సైదులన్నకిచ్చి బండ్ల పెట్టి తాళమెయ్యమనుండ్రి."

"చెప్పులు?"

"చెప్పులెవలెత్తుకపోతరు పెద్దమ్మా!"

"మా చిన్నోనివి కొత్తయి బిడ్డా."

"అయిగూడ బండ్లనే ఎయ్యమనుండ్రి."

ఆమె గొంతు మారింది. "జారిపోతే? ఇంటోల్లందరి బంగారం బిడ్డా. నా మీద నమ్మకం."

"లోపలికి పోవద్దు. మోకాళ్ళు గూడ తడవొద్దు. అలొచ్చి కాళ్ళను ముట్టి పోతది, గంతే. సైదులన్నను పక్కన నిలబడుమంట."

"అన్న ఫోను గూడ బండ్లకే పోనీ. నా బటన్ల ఫోనుకు చెయ్యి. నువ్వు లైను మీదుంటవా?"

"ఉంట."

ఆమె నంబరుకు మళ్ళీ చేశాను. ముడి బిగిస్తూ ఆమె గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. తర్వాత సైదులన్న గొంతు: "ఏందక్కా, బ్యాంకు మొత్తం నడుముకే గట్టినవ్!"

"నవ్వకు, నీ పండ్లు రాలగొడ్త. గీ ఫోన్లు పట్టు."

సైదులన్న బండికి తాళం వేసి తిరిగొచ్చాక అలల చప్పుడు పెద్దదయింది. అప్పటిదాకా దూరంగా ఉన్నది చెవిలోకి వచ్చినట్టయింది. "అబ్బా!" అంది. ఆ తర్వాత, "సల్లగున్నది బిడ్డా." ఆ తర్వాత భయంగా, "కాళ్ళకింద ఇసుక పోతుంది! నన్ను గుంజుకపోతుంది!"

"గుంజుకపోదు పెద్దమ్మా. ఇసుక ఒక్కటే పోతది. కదలకుండ నిలబడుండ్రి." అది నేను ఎక్కడో చదివిన సంగతి.

"నిలబడ్డ," అంది. "నిలబడ్డ బిడ్డా."

ఇంతలో ఒక పిల్ల కేక: "అత్త దిగిందోయ్! అత్త దిగింది!" దాని వెనకే సేటు గొంతు: "చెల్లే! సామాన్లేవే?" లైన్ కట్టయింది.

మళ్ళీ చేయలేదు. కింద కోదాడ బస్సు కోసం కేకలు వినిపిస్తున్నాయి. చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, ఏం చేశావు నువ్వు? సేటు గోల చేస్తున్నాడు. ఫోన్లన్నీ బండిలో పెట్టించావంట. డ్రైవరేమో ఒడ్డునే ఉండిపోయాడంట. తాళం తీయించేసరికి కాపలావాళ్ళు అందర్నీ బయటికి పంపేశారంట. ఒక్క ఫొటో కూడా లేదంటున్నాడు. గెస్టుల ఇంటి విషయాలు మనకెందుకు చెప్పు?"

"సరే సార్," అన్నాను. ఆయన చెప్పింది మా వృత్తిలో పాటించవలసిన మాటే. సేటుకు సారీ అని మెసేజ్ పెట్టాను. ఆయన చదివారు గాని బదులివ్వలేదు.

అలా అనసూయమ్మ సముద్రంలో నిలబడిన ఫొటో ఎక్కడా లేదు. ఆ రాత్రి డైరీలో రాద్దామని కూర్చుంటే, విన్నదే తప్ప చూసింది లేదని తోచింది. వినబడినంత వరకు రాశాను.

వాళ్ళు తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. ఎప్పటిలాగే మెల్లగా.

"ఉప్పగుంటదని తెల్సు గని, గంత ఉప్పగుంటదనుకోలే బిడ్డా. ముడి ఇప్పి సూస్తె బంగారం నిండ ఇసుక. వదినెలు గొలుసులు కడుక్కుంట ఒకటే తిట్టుడు. ఒక్కటి గూడ పోలే, అన్ని లెక్క జెప్పి ఇచ్చిన."

"సేటు కోపానికొచ్చిండా?"

"రెండు రోజులు మాట్లాడలే. ఇగ మాములే." తర్వాత అడిగింది, "నువ్వు సూసినవా బిడ్డా సముద్రం?"

"లేదు పెద్దమ్మా."

"అయ్యో. గాడున్నట్టే జెప్పితివి గద, ఇసుకొక్కటే పోతదని." ఆ వెంటనే, "మరి ఆ రోజు ఇనబడ్డదా నీకు?" అంది.

"ఇనబడ్డది."

"మంచిగ?"

"మంచిగనే ఇనబడ్డది పెద్దమ్మా."

ఆమె ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చేయలేదు. సేటు కుటుంబం మరో టూరుకు మా దగ్గరికి రాలేదు. అది మా సారుకు ఇప్పటికీ బాధే.

ఆ టూరు నాకు నేర్పింది ఒక ప్రశ్న. బీచ్ రోజు అడిగిన ప్రతి కుటుంబాన్నీ ఇప్పుడు, సామాన్ల కాడ ఎవరుంటరు అని అడుగుతాను. ఐటినరరీలో అందరి సీట్లూ ఉంటాయి, అందరి మంచాలూ ఉంటాయి. ఆ చోటు మాత్రం ఎవరూ రాయించరు, కానీ ప్రతి కుటుంబానికీ అందులో కూర్చునే మనిషి ఒకరుంటారు. చాలామంది, "ఏముందమ్మా, ఎవలో ఒకలుంటరు," అంటారు. నేను ఇంకేమీ అనకుండా ఆగుతాను. మాట్లాడకుండా ఉండడం నాకు కష్టం కాదు. కాసేపటికి వాళ్ళే ఒక పేరు చెబుతారు. మా పెద్దక్క. మా బాబాయి, ఆయనకు నీళ్ళు పడవులే. మా అమ్మ. బీచ్ రోజు మొదటి వరుసలో ఆ పేరు రాసి, ముందుగా నీళ్ళలోకి వెళ్ళేది వీరు, అంతవరకు మిగతావాళ్ళు సామాన్ల దగ్గర ఉంటారు అని పెడతాను. పాటిస్తారో లేదో తెలియదు. నేను అక్కడ ఉండను కదా.

పోయిన వారం మోతె నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. చెన్నై, రెండు పార్కులు, ఒక బీచ్. చకచకా చెబుతోంది. పిల్లల వయసులు, అత్తమామల మందులు, భర్తకు పడని తిండి, అన్నీ ఆమెకు నోటికున్నాయి. అంతా రాసుకుని అడిగాను.

"సామాన్ల కాడ ఎవరుంటరు మేడం?"

అవతల మాట ఆగింది. నేను ఆగాను.

"నేనే," అంది.

పేరడిగి, మొదటి వరుసలో రాసుకున్నాను.